ధర్మకాటా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లకి ఎక్స్‌డెల్టా3 ఎలా ఉంది: బాలానగర్ నుంచి ఒక రివ్యూ

బైనరీ ప్యాచ్ టూల్స్, అంటే పాత ఫైలుకీ కొత్త ఫైలుకీ మధ్య తేడాని మాత్రం ప్యాచ్ అనే చిన్న ఫైలుగా తీసి, దాన్ని పాతదాని మీద ఎక్కించి కొత్తది తయారు చేసే ప్రోగ్రామ్‌లు. వాటిలో ఏది మంచిదని అడిగితే చాలామంది వెంటనే సైజుల లెక్క తీస్తారు, ఫలానాది ఇంత చిన్న ప్యాచ్ ఇచ్చింది, ఇంకోటి అంతకంటే చిన్నది ఇచ్చింది అని. నా లెక్క వేరు. ప్యాచ్ అప్లై చేసేది నేను కాదు, ఊరవతల రైస్ మిల్లు కాటా గదిలో కూర్చున్న గుమాస్తా. ఆయనకి ఈ గొడవంతా తెలియాల్సిన అవసరం కూడా లేదు. ఆయన చేతిలో పొరపాటు జరగడానికి వీల్లేకుండా చేసే టూల్ ఏదో అదే నాకు మంచి టూల్. ఆ లెక్కన నా ఓటు ఎక్స్‌డెల్టా3కి. ఎందుకో రాస్తాను, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో కూడా రాస్తాను, దాన్ని పక్కన పెట్టి ఇదే పని చేసే వేరే టూల్స్ బీఎస్‌డిఫ్ గానీ జెడ్‌స్టాండర్డ్ గానీ ఎప్పుడు వాడాలో కూడా.

ముందు మా పరిస్థితి చెప్తే మిగతాది అర్థమవుతుంది. మా ఆఫీసు హైదరాబాద్ బాలానగర్‌లో. ధర్మకాటాలకి, అంటే లారీలు తూచే వే బ్రిడ్జీలకి, సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తాం. కస్టమర్లలో ఎక్కువమంది సిటీ బయటే, మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులు, కరీంనగర్ వైపు గ్రానైట్ వాళ్ళు, నిజామాబాద్ వైపు పసుపు వ్యాపారులు. కాటా గదిలో కంప్యూటర్ అంటే పాత విండోస్, 2 జీబీ ర్యామ్, పైన దుమ్ము, పక్కన తూకం చూపించే ఇండికేటర్. నెట్ అంటే గుమాస్తా ఫోన్ హాట్‌స్పాట్. మా సెటప్ మొత్తం దాదాపు 200 ఎంబీ ఉంటుంది, కానీ ప్రతి అప్‌డేట్‌లో నిజంగా మారేది చాలా కొంచెం. స్లిప్ మీద ఒక లైను, కొత్త మోడల్ ఇండికేటర్ కోసం సీరియల్ పోర్ట్ సెట్టింగు, ఖాళీ బండి తూకం గుర్తుపెట్టుకునే పద్ధతిలో ఒక చిన్న సవరణ, ఇలాంటివి. ధాన్యం సీజన్‌లో బయట లారీలు లైన్లో నిలబడి ఉంటే, ఆ కొంచెం మార్పు కోసం 200 ఎంబీ దిగేదాకా కాటా ఆపండి అని ఎవరితో అనగలం?

అందుకే మారిన భాగం మాత్రమే పంపాలి. టెక్స్ట్ ఫైళ్ళకి ఇది ఎప్పటి నుంచో ఉన్న పనే. లారీ వాల్ 1985లో ప్యాచ్ ప్రోగ్రామ్ రాసినప్పటి నుంచి సోర్స్ కోడ్‌లో మార్పులు ఇలాగే చేతులు మారుతున్నాయి. కానీ ఆ పద్ధతి లైన్ల మీద నడుస్తుంది. ఈఎక్స్‌ఈ ఫైలుకి, అంటే కంప్యూటర్ నేరుగా నడిపే ప్రోగ్రామ్ ఫైలుకి, లైన్లు ఎక్కడివి? ఫైళ్ళ తేడా చూపించే డిఫ్ కమాండ్‌కి రెండు ఈఎక్స్‌ఈలు ఇస్తే బైనరీ ఫైళ్ళు వేరుగా ఉన్నాయని ఒక్క ముక్క చెప్పి ఆగిపోతుంది, ఏం మారిందో చెప్పదు.

అమీర్‌పేటలో కోర్సులు చేసి మా దగ్గర కొత్తగా చేరే పిల్లలు ఇక్కడ తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు, "అన్నా, గిట్ ఉంది కదా, దాంతోనే పంపొచ్చు కదా" అని. గిట్ అంటే కోడ్‌లో మార్పుల రికార్డు ఉంచే టూల్. ప్రశ్న సరైనదే. గిట్‌లో డిఫ్‌కి బైనరీ అనే ఆప్షన్ ఇస్తే బైనరీ ప్యాచ్ వస్తుంది, గిట్ అప్లైతో అది ఎక్కుతుంది కూడా. కానీ అవతలి కంప్యూటర్‌లో గిట్ ఉండాలి. కాటా గదిలో గిట్ పెట్టించడం కంటే 200 ఎంబీ సెటప్ పంపడమే సులువు.

ఎక్స్‌డెల్టా3 ఒక్క ఈఎక్స్‌ఈ, ఇన్‌స్టాల్ అనే పనే లేదు. రాసింది జాషువా మెక్‌డొనాల్డ్. ఉచితం, సోర్స్ కూడా బయటే ఉంది. జిపిఎల్ అనే లైసెన్స్ కింద వచ్చిన వెర్షన్లు ఉన్నాయి, అపాచీ లైసెన్స్ కింద వచ్చినవీ ఉన్నాయి, రెండింటి షరతులు వేరు, కాబట్టి మీ ప్రోడక్ట్‌తో కలిపి ఇచ్చేటట్టయితే మీరు తీసుకున్నది ఏదో ఒకసారి చూసుకోండి. ఉబుంటులో అయితే ఆప్ట్‌తో నేరుగా దొరుకుతుంది.

వాడకం ఇంత సింపుల్‌గా ఉండటం నాకు చాలా నచ్చింది. ప్యాచ్ తయారు చేయాలంటే కమాండ్ లైన్‌లో మైనస్ ఇ (-e), తర్వాత మైనస్ ఎస్ (-s) పెట్టి పాత ఫైలు, దాని తర్వాత కొత్త ఫైలు, చివర ప్యాచ్ పేరు. అప్లై చేయాలంటే మైనస్ డి, మైనస్ ఎస్ పెట్టి పాత ఫైలు, ప్యాచ్, చివర కొత్త ఫైలుకి పెట్టాల్సిన పేరు. అంతే. కొత్త ఫైలు పేరుతో ముందే ఏదైనా ఫైలు ఉంటే దాని మీద రాయదు, మైనస్ ఎఫ్ ఇస్తేనే రాస్తుంది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, గుమాస్తా ఒకే బటన్ రెండుసార్లు నొక్కినప్పుడు ఇదే కాపాడుతుంది.

లోపల జరిగేది కూడా తెలుసుకోవాల్సిన విషయమే. ఇది వాడే ఫార్మాట్ పేరు వీసీడిఫ్. 2002లో ఆర్‌ఎఫ్‌సీ 3284గా, అంటే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల్లో ఒకటిగా, వచ్చింది, రాసినవాళ్ళలో మెక్‌డొనాల్డ్ కూడా ఒకరు. ఆ ఫార్మాట్‌లో ఆదేశాలు మూడే. కాపీ అంటే పాత ఫైలులో ఫలానా చోటు నుంచి ఇన్ని బైట్లు తెచ్చుకో అని, పాత ఫైలే కానక్కర్లేదు, ఇప్పటిదాకా తయారైన కొత్త ఫైలు నుంచి కూడా తెచ్చుకోవచ్చు. యాడ్ అంటే ఈ బైట్లు పాతదాంట్లో లేవు, ఇవిగో తీసుకో అని. రన్ అంటే ఈ ఒక్క బైటునే ఇన్నిసార్లు రాయి అని. కొత్త ఫైలు మొత్తం ఈ మూడింటితోనే తయారవుతుంది. కాపీలు ఎక్కువ, యాడ్‌లు తక్కువ ఉంటే ప్యాచ్ చిన్నది. దీని వల్ల ఇంకో లాభం, అప్లై చేసేటప్పుడు ఫైలు మొత్తాన్ని మెమరీలోకి లాక్కోదు, విండోలుగా ముక్కలు చేసుకుని ఒక్కో ముక్కా కట్టుకుంటూ పోతుంది. అందుకే 2 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో బ్రౌజర్ తెరిచి ఉన్నా కూడా పని ఆగదు. మేము సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కస్టమర్ల దగ్గర ఉన్నలాంటి పాత డెస్క్‌టాప్ ఒకటి కొని ఆఫీసులో పెట్టుకున్నాం, ఏ ప్యాచ్ అయినా ముందు దాని మీద ఎక్కాల్సిందే. ఈ పని చేసే ఎవరికైనా ఇది గట్టిగా చెప్తాను, మీ మెరుగైన ల్యాప్‌టాప్ మీద టెస్ట్ చేసి పంపకండి, కస్టమర్ దగ్గర ఏముందో అలాంటిదే కొనండి, పాత డెస్క్‌టాప్ ధర ఎంతో ఉండదు.

ఇక నేను ఈ టూల్‌ని ఎంచుకోవడానికి అసలు కారణం. కస్టమర్ దగ్గర ఏ వెర్షన్ ఉందో మనం అనుకునేది ఒకటి, అక్కడ ఉండేది ఒకటి. మా సాఫ్ట్‌వేర్ 4.2 వెర్షన్‌ని 4.3 చేసే ప్యాచ్ పంపుతాం. ఆ మిల్లులో ఇంకా 4.1 నడుస్తుంటుంది, ఎందుకంటే పోయిన అప్‌డేట్ వచ్చిన రోజు కరెంటు లేదు, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. ఎక్స్‌డెల్టా3 ప్రతి విండోకీ కొత్త ఫైలు చెక్‌సమ్‌ని, అంటే బైట్లన్నీ కలిపి లెక్కగట్టిన సరిచూసే అంకెని, ప్యాచ్‌లోనే పెట్టుకుంటుంది. పాత ఫైలు వేరేది అయితే కట్టిన విండోకి చెక్‌సమ్ కుదరదు, వెంటనే టార్గెట్ విండో చెక్‌సమ్ మిస్‌మ్యాచ్ అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఫోన్ వస్తుంది, "అన్నా, పాత వెర్షన్ అని ఏదో వచ్చింది, ముందుకు పోతలేదు" అని. అలా ఫోన్ రావడం నాకు సంతోషం. పాత సాఫ్ట్‌వేర్ చెక్కుచెదరకుండా ఉంది, కాటా నడుస్తోంది, 4.1 నుంచి 4.3కి వేరే ప్యాచ్ పంపితే సరిపోతుంది. ఎర్రర్ ఏదీ రాకుండా పాడైన ఈఎక్స్‌ఈ ఒకటి అక్కడ కూర్చుంటే? మర్నాడు పొద్దున లారీ కాటా ఎక్కాక తెలుస్తుంది, అప్పుడు బాలానగర్‌లో కూర్చుని నేను చేయగలిగేది ఏమీ ఉండదు.

బీఎస్‌డిఫ్‌తో నాకున్న ఇబ్బంది సరిగ్గా ఇక్కడే. కానీ దాన్ని తక్కువ చేసి చెప్పను, అది చాలా తెలివైన పని. కోలిన్ పెర్సివల్ 2003లో దాని గురించి పేపర్ రాశారు, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన డాక్టరేట్‌లో కూడా ఈ విషయం ఉంది. ఫ్రీబీఎస్‌డీ అప్‌డేట్లు, ఫైర్‌ఫాక్స్ చిన్న అప్‌డేట్లు దీని మీద నడిచాయి. ఈఎక్స్‌ఈ ఫైళ్ళలో ఉండే ఒక మొండి సమస్యని ఇది పట్టుకుంది. మీరు కోడ్‌లో ఒక చోట ఒక చిన్న షరతు కలిపారనుకోండి, కంపైల్ అయ్యాక దాని తర్వాత ఉన్న కోడ్ అంతా కొన్ని బైట్లు ముందుకి జరుగుతుంది. కాలనీలో మధ్యలో ఒక కొత్త ఇల్లు కట్టి ఇంటి నంబర్లు మళ్ళీ మొదటి నుంచి వేస్తే, ఆ వీధిలో ఎవరూ ఇల్లు మారకపోయినా అందరి అడ్రసులూ మారిపోయినట్టు. ఈఎక్స్‌ఈలో ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ని పిలిచే ప్రతి చోటా ఆ అడ్రసు రాసి ఉంటుంది కాబట్టి, మీరు మార్చింది ఒక్క చోటైనా మారిన బైట్లు ఫైలు అంతటా చల్లినట్టు ఉంటాయి. కాపీ, యాడ్ మాత్రమే తెలిసిన టూల్‌కి ఇది కష్టం. నాలుగు బైట్లు తేడా ఉన్న ప్రతి చోటా కాపీ ఆపి, యాడ్ చేసి, మళ్ళీ కాపీ మొదలుపెట్టాలి.

బీఎస్‌డిఫ్ ఏం చేస్తుందంటే, దాదాపుగా కలిసే భాగాలని కూడా కలిసినట్టే లెక్కేసుకుని, కొత్త బైట్ల నుంచి పాత బైట్లని తీసేసి ఆ తేడాని మాత్రం రాసుకుంటుంది. కలిసిన చోటల్లా సున్నా, అడ్రసులు జరిగిన చోట అవే చిన్న అంకెలు మళ్ళీ మళ్ళీ. ఆ తేడాని బీజిప్2 అనే కంప్రెషన్ ప్రోగ్రామ్‌తో కుదిస్తే బాగా కుదించుకుపోతుంది. అందుకే మా మెయిన్ ఈఎక్స్‌ఈ ఒక్కదానికి పోల్చి చూస్తే బీఎస్‌డిఫ్ ప్యాచ్ ఎక్స్‌డెల్టా3 ప్యాచ్ కంటే ప్రతిసారీ చిన్నదే వచ్చింది, మామూలు తేడా కాదు, కళ్ళకి కనిపించే తేడా.

మరి ఎందుకు వాడను? మొదటిది, ప్యాచ్ తయారు చేసేటప్పుడు మెమరీ విపరీతంగా తింటుంది. పాత ఫైలు సైజుకి 17 రెట్లు అని దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, అంటే 200 ఎంబీ ఫైలుకి 3.4 జీబీ. ఇది మన డెస్క్ దగ్గరి సమస్య, ర్యామ్ కొంటే పోతుంది. అప్లై చేసేటప్పుడు పాత ఫైలు, కొత్త ఫైలు రెండూ మెమరీలో పట్టాలి, ఇది కస్టమర్ దగ్గరి సమస్య, పెద్ద డేటా ఫైళ్ళ దగ్గర పాత మెషీన్లు దీనికి మూలుగుతాయి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. అసలు బీఎస్‌డిఫ్ ఫార్మాట్‌లో పాత ఫైలు సరైనదా కాదా అని చూసుకునే చెక్ ఏమీ లేదు, తయారైన ఫైలు సరిగా వచ్చిందా అని చూసే చెక్ కూడా లేదు. ప్యాచ్ ఫైలే దారిలో చెడిపోతే బీజిప్2 పట్టుకుంటుంది. కానీ ప్యాచ్ బాగుండి పాత ఫైలు వేరే వెర్షన్ అయితే, నిశ్శబ్దంగా ఒక పనికిరాని ఫైలు తయారు చేసి పెట్టి పని అయిపోయినట్టు బయటికి వస్తుంది. చుట్టూ మనమే ఎస్‌హెచ్‌ఏ256 (ఫైలుకి వేలిముద్ర లాంటి హ్యాష్) చెక్‌లు కట్టుకుంటే అద్భుతంగా పని చేస్తుంది, ఫైర్‌ఫాక్స్ లాంటి పెద్ద టీమ్‌లు వాడినప్పుడు చుట్టూ అలాంటి ఏర్పాట్లు ఉంటాయి. కట్టుకోకపోతే మాత్రం ఒట్టి బీఎస్‌ప్యాచ్‌ని, అంటే బీఎస్‌డిఫ్ ప్యాచ్‌లు అప్లై చేసే ప్రోగ్రామ్‌ని, ఫీల్డ్‌కి పంపొద్దు.

సెక్యూరిటీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బీఎస్‌ప్యాచ్‌లో ఒక బగ్ బయటపడింది, భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ 2014-9862. కావాలని వంకరగా తయారు చేసిన ప్యాచ్ ఇస్తే మెమరీ హద్దు దాటి రాసేస్తుంది, అంటే ప్యాచ్ ద్వారానే ఎవరో తమ కోడ్ నడిపించొచ్చు. ఆపిల్, ఫ్రీబీఎస్‌డీ 2016లో సరిచేశాయి. మీరు ఏదో పాత జిప్‌లో దొరికిన బీఎస్‌ప్యాచ్ వాడుతుంటే వెంటనే మార్చండి. ఇది బీఎస్‌డిఫ్ ఒక్కదాని గురించి కాదు. ప్యాచ్ ఫైలు డిజిటల్ సంతకాన్ని, అంటే అది మన దగ్గర నుంచే వచ్చిందని చూపే ముద్రని, అప్లై చేశాక చెక్ చేస్తే లాభం లేదు, టూల్ చేతికి ఇచ్చే ముందే చెక్ చేయాలి. మా ప్యాచ్‌లు ఎక్కువగా వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా వెళ్తాయి, ఒక గ్రూప్ నుంచి ఇంకో గ్రూప్‌కి ఫార్వర్డ్ అవుతాయి, కాబట్టి మధ్యలో ఎవరు ఏం మార్చారో అన్న భయం మాకు నిజంగా ఉంది.

ఎక్స్‌డెల్టా3 చెక్‌సమ్ కూడా అడ్లర్32 అనే సాదా లెక్క మాత్రమే. పొరపాట్లని పట్టుకోవడానికి అది చాలు, కావాలని చేసిన మోసాన్ని పట్టుకోవడానికి చాలదు. అందుకని మా అప్‌డేటర్ ముందు ప్యాచ్ సంతకం చూస్తుంది, తర్వాత పాత ఫైలు ఎస్‌హెచ్‌ఏ256 చూస్తుంది, అప్పుడు ఎక్స్‌డెల్టా3ని పిలుస్తుంది, వచ్చిన కొత్త ఫైలు ఎస్‌హెచ్‌ఏ256 మళ్ళీ చూస్తుంది. చేత్తో చూసుకోవాలంటే విండోస్‌తో వచ్చే సర్ట్‌యుటిల్ కమాండ్‌లోనే హ్యాష్‌ఫైల్ ఆప్షన్ ఉంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ఇప్పుడు ఎక్స్‌డెల్టా3 ఇబ్బంది పెట్టే చోట్లు. డాక్యుమెంటేషన్ చాలా పల్చన, ఆప్షన్ల లిస్టు ఉంది గానీ ఎప్పుడు ఏది వాడాలో చెప్పేవాళ్ళు లేరు. అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది సోర్స్ విండో. పాత ఫైలులో ఒకేసారి ఎంత మేర చూడాలి అన్నది డిఫాల్ట్‌గా 64 ఎంబీ. ఫైలు అంతకంటే పెద్దదై, అందులో డేటా ఒక చివర నుంచి ఇంకో చివరకి జరిగి ఉంటే, అది పాతదాంట్లో ఉన్నా దానికి కనిపించదు, కొత్త డేటా అనుకుని మొత్తం ప్యాచ్‌లో కుక్కేస్తుంది. మా టెర్మినల్ ఇమేజ్ ఫైలుకి (డిస్క్‌లో ఉన్నదంతా ఒకే ఫైలుగా పెట్టినది) ఇదే జరిగి ప్యాచ్ ఉబ్బిపోయి వస్తుంటే, క్యాపిటల్ బి (-B) ఆప్షన్‌తో విండోని ఫైలు సైజుకి పెంచగానే దారిలోకి వచ్చింది. అయితే విండో పెంచితే అప్లై చేసే వైపు కూడా మెమరీ పెరుగుతుంది, మర్చిపోవద్దు.

రెండోది, జీజిప్ లాంటి ప్రోగ్రామ్‌తో కంప్రెస్ చేసిన ఫైలు ఇస్తే అది తనంతట తానే బయటి ప్రోగ్రామ్‌ని పిలిచి విప్పి, ప్యాచ్ చేసి, అవతల మళ్ళీ కంప్రెస్ చేయాలని చూస్తుంది. ఉద్దేశం మంచిదే. కానీ అవతలి మెషీన్‌లో ఆ ప్రోగ్రామ్ లేకపోతే ఆగిపోతుంది, ఉన్నా వెర్షన్ వేరైతే తిరిగి కంప్రెస్ అయిన ఫైలు బైట్ టు బైట్ అదే రాకపోవచ్చు. సంతకాలు చూసుకునే మాలాంటి వాళ్ళకి ఇది పెద్ద టెన్షన్. క్యాపిటల్ డి పెడితే ఈ విప్పడం ఆగుతుంది, క్యాపిటల్ ఆర్ పెడితే అప్లై వైపు తిరిగి కంప్రెస్ చేయడం ఆగుతుంది. నేను డిఫాల్ట్‌గా ఆపేసే వాడతాను.

మూడోది చిన్నదే, పాత ఫైలు, కొత్త ఫైలు పేర్లని ప్యాచ్ హెడర్‌లో రాసిపెడుతుంది. బిల్డ్ ఫైలుకి కస్టమర్ పేరు పెట్టుకునే అలవాటు ఉంటే ఆ పేరు ఇంకో కస్టమర్‌కి వెళ్తుంది. క్యాపిటల్ ఎ (-A) ఆప్షన్‌తో దాన్ని ఖాళీ చేయొచ్చు.

ఏ టూల్ వాడినా పనికొచ్చే విషయం ఒకటుంది, నా దృష్టిలో టూల్ ఎంపిక కంటే ఇదే ముఖ్యం. సెటప్ ఫైలుకి సెటప్ ఫైలుకి మధ్య ప్యాచ్ చేయకండి. సెటప్ లోపల అంతా గట్టిగా కంప్రెస్ అయి ఉంటుంది. కంప్రెస్ అయిన డేటాలో మొదట్లో ఒక చిన్న మార్పు జరిగితే దాని తర్వాత వచ్చే బైట్లన్నీ వేరే రూపం తీసుకుంటాయి, అప్పుడు ఏ టూల్‌కీ పాతదానికీ కొత్తదానికీ పోలిక దొరకదు. 200 ఎంబీ సెటప్‌కి దాదాపు అంత ప్యాచే వస్తుంది, జనం అది చూసి ఎక్స్‌డెల్టా పనికిరాదని వదిలేస్తారు. ఇన్‌స్టాల్ అయిన ఫైళ్ళ మధ్య చేస్తే అదే మార్పుకి ప్యాచ్ కొన్ని ఎంబీల్లోనే, ఒక్కోసారి ఎంబీ లోపే వస్తుంది. గూగుల్ ప్లే కూడా ఈ మెట్లే ఎక్కింది. 2016 మధ్యలో ఆండ్రాయిడ్ యాప్ అప్‌డేట్లకి బీఎస్‌డిఫ్ తెచ్చారు, అదే ఏడాది డిసెంబరులో ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) లోపలి ఫైళ్ళని విప్పి ఒక్కోదానికీ ప్యాచ్ చేసే పద్ధతి ప్రకటించారు. దాంతో అప్‌డేట్లు పూర్తి యాప్ కంటే సగటున 65 శాతం చిన్నవయ్యాయని చెప్పారు.

బిల్డ్ వైపు కూడా ఒక పని చేయండి, డిటర్మినిస్టిక్ బిల్డ్, అంటే సోర్స్ మారకపోతే ప్రతిసారీ అదే ఫైలు వచ్చే పద్ధతి, ఆన్ చేసుకోండి. లేకపోతే సోర్స్‌లో ఒక్క అక్షరం మార్చకపోయినా కంపైల్ చేసిన టైము ఈఎక్స్‌ఈ హెడర్‌లో పడి ప్రతి డీఎల్ఎల్ (ప్రోగ్రామ్‌తో పాటు ఉండే సహాయక ఫైలు) మారినట్టే కనిపిస్తుంది, ప్యాచ్ చేయాల్సిన ఫైళ్ళ లిస్టు అనవసరంగా పెరుగుతుంది. డిజిటల్ సంతకం ఉన్న ఈఎక్స్‌ఈలకి ప్యాచ్ చేస్తే సంతకం పోతుందేమో అని కొందరు అడుగుతారు. పోదు. ప్యాచ్ ఎక్కాక వచ్చేది మీరు సంతకం చేసిన ఫైలే, ఒక్క బైటు తేడా ఉండదు. సంతకం చేశాక ప్యాచ్ తయారు చేయాలి, అంతే.

క్రోమ్ బ్రౌజర్ వాళ్ళు తమ అప్‌డేట్ల కోసం చేసిన కోర్జెట్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈఎక్స్‌ఈ అడ్రసుల సమస్యని మూలంలోనే పట్టుకున్నది అది. ఈఎక్స్‌ఈని విప్పి, అడ్రసుల స్థానంలో పేర్లు పెట్టి, అప్పుడు బీఎస్‌డిఫ్ చేస్తుంది. 2009లో వాళ్ళు ఇచ్చిన ఉదాహరణలో పూర్తి అప్‌డేట్ 1,03,85,920 బైట్లు, బీఎస్‌డిఫ్‌తో 7,04,512, కోర్జెట్‌తో 78,848. ఆ అంకెలు చూస్తే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ అది కోట్లమందికి అప్‌డేట్ పంపేవాళ్ళ పరికరం, ప్రతి బైటుకీ అక్కడ లెక్క ఉంటుంది. మాకు ఒక ఎంబీకి, వంద కేబీకి తేడా వాట్సాప్‌లో కొన్ని సెకన్లు.

జెడ్‌స్టాండర్డ్‌ని మాత్రం సీరియస్‌గా చూడండి. 2020లో 1.4.5 వెర్షన్‌తో ప్యాచ్ ఫ్రమ్ అనే ఆప్షన్ వచ్చింది. పాత ఫైలుని డిక్షనరీగా పెట్టుకుని కొత్త ఫైలుని కంప్రెస్ చేస్తుంది, విప్పేటప్పుడు మళ్ళీ అదే పాత ఫైలు ఇవ్వాలి. తయారు చేయడం చాలా వేగం, అప్లై చేయడం ఇంకా వేగం. కమాండ్ లైన్‌లో డిఫాల్ట్‌గా చెక్‌సమ్ కలుపుతుంది కాబట్టి తప్పు ఫైలు ఇస్తే ఎర్రర్‌తో ఆగుతుంది, నా ముఖ్యమైన పరీక్షలో ఇదీ పాసే. కాకపోతే పాత ఫైలు మొత్తాన్ని మెమరీలో పెట్టుకుంటుంది, మా పాత మెషీన్లలో పెద్ద ఇమేజ్ ఫైళ్ళ దగ్గర అదే అడ్డు. కస్టమర్ మెషీన్లు కొత్తవై, మీ ప్రోడక్ట్‌లో జెడ్‌స్టాండర్డ్ లైబ్రరీ ఎలాగూ ఉంటే ఇంకో టూల్ మోయకుండా దీంతోనే పని కానివ్వండి.

ఎక్స్‌డెల్టా3లో నాకు బాగా ఉపయోగపడ్డ ఇంకో సౌకర్యం మెర్జ్. 4.1 నుంచి 4.2కి ఒక ప్యాచ్, 4.2 నుంచి 4.3కి ఒక ప్యాచ్ ఉంటే రెండింటినీ కలిపి 4.1 నుంచి 4.3కి నేరుగా వెళ్ళే ఒక్క ప్యాచ్ చేయొచ్చు, పాత బిల్డ్‌లు వెతుక్కోనక్కర్లేదు. మిల్లు వాళ్ళు సీజన్ అయ్యాక ఫోన్ చేసి వెనకపడ్డ వెర్షన్లన్నీ ఒకేసారి అడుగుతారు, అప్పుడు దీని విలువ తెలుస్తుంది.

కమాండ్ లైన్ భయపెడితే డెల్టా ప్యాచర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, ఎక్స్‌డెల్టాకి కిటికీ తొడిగినట్టే, ఫైళ్ళు ఎంచుకుని బటన్ నొక్కితే చాలు. ఆఫీసులో కూర్చుని చేసుకునే పనికి అది బాగుంది. గుమాస్తాకి మాత్రం అదీ ఇవ్వకండి, పాత ఫైలు ఎక్కడుంది, ప్యాచ్ ఎక్కడుంది అని ఆయన్ని వెతకమనడం న్యాయం కాదు. వాట్సాప్ వెబ్ నుంచి ఒకే ఫైలు రెండుసార్లు దింపితే పేరు చివర అంకె చేరుతుంది, అందుకే మా అప్‌డేటర్ పేరు చూసి కాకుండా హ్యాష్ చూసి ప్యాచ్‌ని గుర్తుపడుతుంది. సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంటే విండోస్ ఆ ఈఎక్స్‌ఈని మార్చనివ్వదు, కాబట్టి ముందు దాన్ని మూయిస్తుంది, కొత్త ఫైలుని వేరే పేరుతో కడుతుంది, అన్ని చెక్‌లూ అయ్యాకే పాతదాన్ని పక్కకి జరిపి పేర్లు మారుస్తుంది. మధ్యలో కరెంటు పోతే పాత ఈఎక్స్‌ఈ అలాగే ఉంటుంది. పాత విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో తెలుగు అక్షరాలు సరిగా రావు, డబ్బాలు కనిపిస్తాయి, అందుకని ఎక్స్‌డెల్టా3 ఇచ్చే ఎర్రర్‌ని నేరుగా చూపించకుండా మా చిన్న విండోలో తెలుగులో చూపిస్తాం, "మీ దగ్గర పాత వెర్షన్ ఉంది, కాటా మామూలుగా వాడుకోండి, ఈ స్క్రీన్ ఫోటో తీసి మాకు పంపండి" అని. ఆ ఫోటోలో వెర్షన్ నంబరు, ఉన్న ఫైలు హ్యాష్ మొదటి ఎనిమిది అక్షరాలు పెద్దగా కనిపించేలా పెట్టాం, దాన్ని బట్టి ఏ ప్యాచ్ పంపాలో ఆఫీసులో ఎవరైనా చెప్పేస్తారు.